ఆల్విన్ నిస్సాన్‌కు చక్రాలు

ట్రాక్టర్ల ఊరుగా పేరు పడకముందు జహీరాబాద్ లారీల ఊరు. ఇక్కడ తయారైన చిన్న లారీ పేరు ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్. మా నాయిన కొన్న బండి ఇప్పటికీ నా దగ్గర నడుస్తోంది. అల్లం, ఆలుగడ్డ బస్తాలు మోసి మా ఇంటిని నిలబెట్టిన బండి అది. ఇంజనుకో గేర్‌బాక్సుకో జబ్బు చేస్తే మా ఊరి రోడ్డు మీద ఉన్న ఉస్తాదులు ఏదో ఒక దారి చూపిస్తారు. డిస్కులు, అంటే టైరెక్కించే ఇనుప చక్రాలు, మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ బండి పుట్టుక తెలియనిదే పని ముందుకు కదల్లేదు.

ఆ పుట్టుక హైదరాబాద్‌లో మొదలవుతుంది. 1942లో, నిజాం పాలనలో, ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అలాద్దీన్ కంపెనీ కలిసి పెట్టిన లోహపు పనుల కర్మాగారమే తర్వాత హైదరాబాద్ ఆల్విన్‌గా ఎదిగింది. సనత్‌నగర్‌లో అది చేసిన డబుల్‌డెక్కర్ బస్సు బాడీలు జంటనగరాల్లో తిరిగాయి. దాని ఫ్రిజ్‌లు ఇళ్లలోకి వచ్చాయి. 1980లలో జపాన్ సీకో సాయంతో చేతిగడియారాలు కూడా చేసింది. రేకు వంచడం, అతకడం, రంగు వేయడం దశాబ్దాలుగా చేతికి అబ్బిన సంస్థ అది. లారీ తయారీలోకి దిగడం దానికి సాహసమే అయినా, పునాది లేని సాహసం కాదు.

1980ల ఆరంభంలో చిన్న లారీల రంగంలో జపాన్ కంపెనీలకు కేంద్రం తలుపు తెరిచింది. ఆ తలుపులోంచి నాలుగు జతలు వచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మన జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. అప్పటి మెదక్ జిల్లాలో పరిశ్రమల గాలి వీస్తున్న కాలమది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అప్పటికే ఉంది. ఎద్దుమైలారంలో 1984లో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. పుణె నుంచి మచిలీపట్నం దాకా పోయే 65వ నంబరు రహదారి, వికారాబాద్ నుంచి బీదర్, పర్లీ వైపు పోయే రైలు మార్గం రెండూ జహీరాబాద్‌ను తాకుతూ పోతాయి. జొన్న, కంది, చెరుకు తప్ప వేరే బతుకు తెలియని పల్లెల పిల్లలు ఐటీఐ చదివి జపాన్ బండి బోల్టులు బిగించడం నేర్చుకున్నారు.

మొదట్లో భాగాలు పెట్టెల్లో జపాన్ నుంచి వచ్చేవి. ఏటేటా దేశవాళీ భాగాల వాటా పెంచుకుంటూ పోవాలన్నది ప్రభుత్వ షరతు. ఇంతలో పిడుగు పడింది. 1985 సెప్టెంబరులో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో కూర్చొని డాలరు విలువ దించాలని ఒప్పుకున్నాయి. అప్పటిదాకా డాలరుకు 240 యెన్‌ల దగ్గర ఉన్న మారకం 1987 చివరికి 120ల్లోకి వచ్చేసింది. యెన్‌లలో కొనే ప్రతి భాగమూ భారమైంది. ఆ దెబ్బ నాలుగు కంపెనీలకూ తగిలింది. ఎంత త్వరగా దేశవాళీ భాగాలకు మారితే అంత మేలన్న పరుగు మొదలైంది. పాత బండి యజమాని తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇక్కడే ఉంది. ఇలాంటి పరుగులో ఉన్న కంపెనీ బండ్లలో ఒక ఏడాది వచ్చిన భాగం మరుసటి ఏడాది వచ్చి ఉండకపోవచ్చు. బండి పేరు ఒక్కటే చెప్పి భాగం అడిగితే సరిపోదు.

1980ల చివర ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. కొంతకాలం మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అన్న పేరుతో నడిచి, 1990ల నడుమ మాతృసంస్థలో కలిసిపోయింది. క్యాబ్‌స్టార్ పోలికలు ఆ తర్వాత ఇక్కడ తయారైన మహీంద్రా లారీల్లో కొన్నాళ్లు కనిపించాయి. ఆ తర్వాత మూడు చక్రాల బండ్లు వచ్చాయి, 2013లో ట్రాక్టర్ల కర్మాగారం వచ్చింది. 2023లో లోకానికి చూపించిన ఓజా ట్రాక్టర్లు కూడా ఇక్కడివే. ఊరికి పని దొరికింది, అది గొప్ప మేలు. కానీ క్యాబ్‌స్టార్ భాగాలు అడిగితే కౌంటరు మీద పుస్తకం తెరిచి చూపించే మనిషి లేకుండా పోయాడు.

జీపు సంగతి చూస్తే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది. మహీంద్రా వాళ్లు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టారు. ఆ జీపు చక్రానికి ఐదు బోల్టు రంధ్రాలు, అవి కూర్చున్న వలయం వ్యాసం అయిదున్నర అంగుళాలు, అంటే 139.7 మిల్లీమీటర్లు. ఆ కొలత తర్వాతి బొలెరో దాకా వచ్చింది. మారుతి జిప్సీదీ అదే కొలత. అందుకే పాత జీపు పికప్ ఉన్నవాడికి డిస్కులకు కొదవ లేదు. ప్రమాదం కూడా అక్కడే పొంచి ఉంది. బోల్టులు ఎక్కాయి కదా అని ఏ చక్రాన్నైనా బిగించేస్తారు. నడిమి రంధ్రం హబ్బు మీద సరిగ్గా కూర్చుందా, చక్రం లోపలికి ఎంత, బయటికి ఎంత నిలబడింది అన్నవి చూడరు. బయటికి ఎక్కువ నిలబడిన చక్రం బేరింగు మీద, స్టీరింగు మీద రోజూ బరువు మోపుతుంది. వెనక జంట చక్రాలున్న లారీకైతే మరీ కీడు. రెండు డిస్కుల నడుమ ఎడం తగ్గితే టైరు చెంపలు ఒకదానికొకటి రాసుకుని వేడెక్కి పగులుతాయి.

మా బండి డిస్కుల కోసం నేను మొదట హైదరాబాద్ రాణీగంజ్‌లో అడిగాను. తర్వాత అదే 65వ నంబరు రహదారి మీద నేరుగా విజయవాడ ఆటోనగర్ దాకా పోయాను. విప్పిన లారీల భాగాలు వరసలుగా పేర్చి ఉండే చోటది. అక్కడ ఒక దుకాణంలో నల్లరంగు కొత్తగా వేసిన డిస్కు చేతికిచ్చారు. చూడ్డానికి నిగనిగలాడుతోంది. మా ఊరి ఉస్తాద్ పోయేముందే చెప్పి పంపాడు: "బిడ్డా, రంగు చూసి కొనకు. బోల్టు రంధ్రాల చుట్టూ గీకి చూడు. గీకనియ్యకపోతే లేచి వచ్చెయ్." గీకనిచ్చారు. రెండు రంధ్రాల నడుమ రంగు కింద పుట్టీ, పుట్టీ కింద వెల్డింగు అతుకు బయటపడింది. డిస్కు అక్కడే పెట్టేసి వచ్చాను.

డిస్కు పగులు సాధారణంగా మూడు చోట్ల పుడుతుంది. బోల్టు రంధ్రాల అంచు, గాలి ఆడే కిటికీల అంచు, నడిమి పళ్లెం బయటి రిమ్ముకు అతికే చోటు. పగులును పట్టడానికి ఉస్తాద్ వాడే పద్ధతి పాతదే, నమ్మదగినదే. తీగ బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కిరోసిన్ పూసి కాసేపు ఆగుతాడు. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి సుద్దపొడి అద్దుతాడు. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి, తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత తేలుతుంది. వెంట్రుక మందం గీత కనిపించినా ఆ డిస్కు తుక్కుకే. అతుకు వేయించి తిప్పితే అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. బోల్టు రంధ్రం గుండ్రంగా కాక కోలగా సాగినా అంతే.

కొన్ని పాత లారీల డిస్కులకు లాక్‌రింగు ఉంటుంది. టైరెక్కించాక ఆ ఇనుప కడియం గాడిలో కూర్చొని టైరును పట్టి ఉంచుతుంది. గాలి నిండాక ఆ కడియం మీద టన్నుల కొద్దీ ఒత్తిడి ఉంటుంది. గాడి తుప్పు తిన్నా, వేరే కంపెనీ రింగు ఇరికించినా అది గాల్లోకి లేచి మనిషి తల ఎగరగొడుతుంది. అమెరికాలో ఇలాంటి చక్రాల పనికోసం 1980లోనే ప్రత్యేక భద్రతా నియమం తెచ్చారు. గాలి కొట్టేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టాలి. విప్పేముందు వాల్వు తీసేసి గాలంతా వదలాలి. గాలి ఉన్న రింగు మీద సుత్తె పడకూడదు. మన రోడ్డు పక్కన ఎందరో కుర్రాళ్లు బోను లేకుండానే ఈ పని చేస్తున్నారు. వాళ్ల ప్రాణాలు చౌకవి కావు. బోను లేని దుకాణంలో లాక్‌రింగు టైరు విప్పించవద్దని ప్రతి బండి యజమానినీ వేడుకుంటున్నాను.

నా బండికి చివరికి కుదిరినవి తర్వాతి తరం చిన్న లారీకి చేసిన కొత్త డిస్కులు. రంధ్రాల సంఖ్య, వలయం, నడిమి రంధ్రం, లోతు, నట్టు కూర్చునే గుంట ఆకారం అన్నీ పాతవాటితో కలిశాకే కొన్నాను. నట్టు గుంట మాట చాలామంది మరిచిపోతారు. శంకువులా దిగే నట్టును గుండ్రటి గుంటలో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, దారిలో వదులవుతుంది. పాత జపాన్ లారీల్లో చాలావాటికి ఎడమ పక్క నట్లు ఎడమ మరవి. అది తెలియని కుర్రాడు విప్పుతున్నాననుకొని బిగిస్తూ పోయి స్టడ్డు తెంపేస్తాడు. ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి. మొదటి వంద కిలోమీటర్ల లోపే పానా పట్టుకొని మళ్లీ చూడాలి.

2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. సొంత వాడకానివై, యాభై ఏళ్లు దాటి, పుట్టిన రూపం మారకుండా ఉంటేనే ఆ వరస. బరువులు మోసిన మా లారీకి ఆ గౌరవం దక్కదు. అయినా దీని చరిత్ర కాపాడదగ్గదే. 2024 ఆగస్టులో కేంద్రం మన జహీరాబాద్‌కు పారిశ్రామిక నగరం మంజూరు చేసింది. రేపు వచ్చే ప్రతి కర్మాగారం ఏదో ఒకనాడు ఒక మోడలు ఆపేస్తుంది. ఆపిన రోజున విడిభాగాల పుస్తకం, కొలతల చిత్రాలు ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలని ఇప్పుడే అడగాలి. నా వంతుగా మా బండి డిస్కు కొలతలన్నీ కాగితం మీద రాసి ఉస్తాద్ దుకాణం గోడకు అంటించాను. ఆల్విన్ నిస్సాన్ ఇంకా ఎవరి పొలం గట్టునో ఉంటే, అమ్మేముందు, తుక్కుకు వేసేముందు, టేపు పట్టుకొని దాని చక్రం కొలిచి రాసిపెట్టండి.