మురుగునీటి సహజ శుద్ధి

ఇళ్ళలో స్నానానికి, బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి వాడిన నీటిని ఇసుక, కంకర, బొగ్గు, మొక్కల వేళ్ళ ద్వారా వడకట్టి శుభ్రపరచడాన్ని '''మురుగునీటి సహజ శుద్ధి''' అంటారు. దీనికి విద్యుత్తు, రసాయనాలు అవసరం లేదు. మరుగుదొడ్డి నీటిని ఇందులో కలపరాదు.

== నేపథ్యం ==
2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీటిని లక్ష్యంగా పెట్టుకున్నది. అందులో సుమారు 70 శాతం మురుగునీరుగా మారుతుందనుకుంటే, ఐదుగురున్న ఇంటి నుండి రోజుకు దాదాపు 190 లీటర్లు బయటకు వస్తాయి. కుళాయి నీటితో పాటు మురుగు కూడా పెరుగుతుంది.

== ఉత్తరాంధ్రలో ప్రాధాన్యం ==
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో బోదకాలు వ్యాధి చిరకాలంగా ఉన్నది. దీనిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ నిలిచిన మురుగునీటిలో వృద్ధి చెందుతుంది. మురుగు నిలువకుండా చేయడం ఈ వ్యాధి నివారణలో ముఖ్యభాగం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మూత్రపిండాల వ్యాధికి గురైనది. ఈ వ్యాధికి కారణం ఇదమిత్థంగా తేలలేదు. మురుగునీరే కారణమనడానికి ఆధారం లేదు. అయితే బావులు, బోర్ల నీటిని వాడే ఇసుక నేలలలో మురుగు త్వరగా భూగర్భ జలాలను చేరగలదు కనుక ఇక్కడ ఇంకుడు గుంతల విషయంలో జాగ్రత్త అవసరం.

== పద్ధతులు ==
* '''పెరటి మొక్కలు''': బియ్యం కడుగు, గంజి పశువులకు కుడితిగా పోయడం, స్నానపు నీటిని అరటి, చేమ మొక్కలకు మళ్ళించడం పాత అలవాట్లు.
* '''ఇంకుడు గుంత''': సుమారు ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు గల గుంతను రాళ్ళు, ఇటుక ముక్కలు, కంకరతో నింపుతారు. నీరు ముందుగా చిన్న తొట్టిలో చేరి, మడ్డి, జిడ్డు అక్కడ ఆగిన తరువాత గుంతలోకి వెళ్తుంది.
* '''కంకర, ఇసుక వడపోత''': పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుక వరుసగా పేర్చిన తొట్టి. రేణువులపై పెరిగే సూక్ష్మజీవులు సేంద్రియ మలినాలను తింటాయి. బొగ్గు పొర వాసనను, రంగును తగ్గిస్తుంది.
* '''మొక్కల మడుగు''': నీరు ఇంకని అడుగు గల కంకర మడిలో జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు పెంచుతారు. నీరు కంకర పైకి రాకుండా లోపలే ప్రవహించడం వలన దోమలు పెరగవు. 1950వ దశకంలో జర్మనీలో కేథే సైడెల్ ఈ పద్ధతిపై పరిశోధనలు చేసింది. తెలంగాణలోని కొత్తపల్లి గ్రామంలో ఇక్రిశాట్ ఇటువంటి మడుగును నిర్మించింది.

== స్థల నిర్ణయం ==
ఇంకుడు గుంత అడుగు వర్షాకాలపు భూగర్భ జలమట్టానికి కనీసం ఒకటిన్నర, రెండు మీటర్ల పైన ఉండాలి. తాగునీటి బావికి దూరంగా, పల్లపు వైపున తవ్వాలి. నీటిమట్టం పైకి ఉండే తీరగ్రామాలలో మొక్కల మడుగు మేలు. బంకమట్టి నేలలో నీరు త్వరగా ఇంకదు. ఈ ప్రాంతంలో గోడకు గోడ ఆనుకొని వరుసగా ఇళ్ళున్న వీధులు ఎక్కువ. పెరడు చాలని చోట వీధి కాలువ చివర ఉమ్మడి నిర్మాణం అనుకూలం.

== నిర్వహణ, పరిమితులు ==
ఎక్కువ గుంతలు చెడిపోవడానికి కారణం జిడ్డు, మట్టి పేరుకోవడమే. మడ్డి తొట్టిని తరచు శుభ్రం చేయాలి. పై ఇసుక పొరను అప్పుడప్పుడు మార్చాలి. శుద్ధి అయిన నీరు తాగడానికి పనికిరాదు. రోగక్రిములు పూర్తిగా పోవు, సబ్బులలోని లవణాలు తొలగవు. అందువలన పచ్చిగా తినే ఆకుకూరలకు ఈ నీరు పోయరాదు. అరటి, కొబ్బరి వంటి చెట్ల మొదళ్ళకు వాడవచ్చును.

== ప్రభుత్వ పథకాలు ==
2020లో మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ (గ్రామీణ్) రెండవ దశలో ఈ పనులకు 5,000 వరకు జనాభా గల గ్రామాలలో తలకు 280 రూపాయలు, అంతకు మించిన గ్రామాలలో 660 రూపాయలు గరిష్ఠ పరిమితిగా నిర్ణయించారు.

== ఇవి కూడా చూడండి ==
* ఇంకుడు గుంత
* బోదకాలు
* ఉద్దానం