జీతం లేని వైస్-ఛాన్సలర్లు

మెల్బోర్న్ విశ్వవిద్యాలయం 1853లో పుట్టింది. 1935 దాకా, అంటే ఎనభై రెండేళ్ళ పాటు, దానికి జీతం తీసుకునే వైస్-ఛాన్సలర్ లేడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా బతకడానికి వేరే పనులు చేసుకునేవాళ్ళు. ఇవాళ అదే పదవికి ఏడాదికి పది లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకి పైనే ముడుతోంది. దీన్ని జీతాలు పెరిగిన కథగా చెప్పి ఊరుకోవచ్చు. కానీ పాత సంగతులు చదువుతుంటే నాకు ఇంకో ప్రశ్న పట్టుకుంది. విశ్వవిద్యాలయం గురించి నిర్ణయాలు జరిగే గదిలో పాఠాలు చెప్పేవాళ్ళకి చోటు ఎప్పుడైనా సరిగ్గా దొరికిందా?

ముందు పదవుల సంగతి. మన దగ్గర సాధారణంగా గవర్నరే ఛాన్సలర్, నియామకాల్లో ప్రభుత్వం చెయ్యి ఉంటుంది. మెల్బోర్న్‌లో అలా కాదు. కౌన్సిల్ అనే పాలక మండలి తన ఛాన్సలర్ని తనే ఎన్నుకుంటుంది. ఛాన్సలర్ ఆ మండలికి అధ్యక్షుడు. రోజువారీ పాలన వైస్-ఛాన్సలర్ది. ఈ ఇద్దరిలో ఎవరి మాట చెల్లాలి అన్నదాని మీదే చాలా చరిత్ర నడిచింది.

మొదట్లో ఆ తగాదాకి తావే లేదు. అంతా ఛాన్సలర్ మాటే. రెడ్మండ్ బ్యారీ అనే జడ్జి 1853 నుంచి 1880లో చనిపోయేదాకా ఛాన్సలర్‌గా ఉన్నాడు. నెడ్ కెల్లీ అనే ప్రసిద్ధ బందిపోటుకి ఉరిశిక్ష వేసింది ఈయనే. కెల్లీని ఉరితీసిన పన్నెండు రోజులకి ఈయనా పోయాడు. చట్టం ప్రకారం కౌన్సిల్లో ఇరవై మంది. ప్రొఫెసర్లకి అందులో చోటు లేదు. తొలి ప్రొఫెసర్లలో ఒకడైన హెర్న్ 1859లో పార్లమెంటుకి పోటీ చేస్తే, ప్రొఫెసర్లు ఎన్నికల్లో నిలబడకూడదని కౌన్సిల్ నిబంధనే రాసేసింది. హెర్న్ లాయరు బుర్ర ఊరుకుంటుందా? 1873లో న్యాయశాస్త్ర విభాగం పెట్టినప్పుడు ప్రొఫెసర్ పదవి వదిలేసి దానికి డీన్ అయ్యాడు. డీన్ ప్రొఫెసర్ కాదు కదా! ఆ దారినే 1878లో శాసన మండలికి వెళ్ళాడు, 1886లో కొన్ని నెలలు ఛాన్సలర్ కూడా అయ్యాడు. పాఠాలు చెప్పే మనిషి పై గదిలోకి వెళ్ళాలంటే ముందు ప్రొఫెసర్ అన్న పేరు వదులుకోవాల్సి వచ్చిందన్నమాట.

బయటివాళ్ళే ఉంటే పాలన గట్టిగా ఉంటుందని ఒక వాదన. 1900 ప్రాంతంలో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదన నిలవదు. సంగీతం ప్రొఫెసర్ మార్షల్-హాల్ 1898లో ఒక కవితల పుస్తకం వేశాడు. మతాన్ని, నీతిని వెక్కిరించాడని చర్చిలూ పత్రికలూ గొడవ చేశాయి. 1900లో కౌన్సిల్ ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. (1915లో మళ్ళీ పిలిచారు, ఆ ఏడాదే పోయాడు.) ఆయన్ని తీసేసిన మరుసటి ఏడాది, 1901లో, విశ్వవిద్యాలయం అకౌంటెంటు ఏళ్ళ తరబడి డబ్బు కాజేస్తున్నాడని బయటపడింది. ఇరవై వేల పౌండ్లకి పైగా పోయింది. ప్రొఫెసర్ కవిత్వాన్ని అంత శ్రద్ధగా చదివిన పెద్దమనుషులు తమ సొంత లెక్కల పుస్తకాన్ని చదవలేదు.

సంస్థ పెరిగింది కానీ తీరిక సమయంలో నడిపే పద్ధతి అలాగే సాగింది. 1923 నుంచి 1931లో చనిపోయేదాకా వైస్-ఛాన్సలర్‌గా ఉన్నది జాన్ మొనాష్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సేనని నడిపిన జనరల్, వృత్తికి సివిల్ ఇంజనీరు. అదే సమయంలో రాష్ట్ర విద్యుత్ కమిషన్‌కి అధిపతి. విక్టోరియా రాష్ట్రానికంతటికీ కరెంటు తెస్తూ మిగిలిన టైములో విశ్వవిద్యాలయం చూసుకునేవాడు. ఆయన పేరు మీదే తర్వాత మెల్బోర్న్‌లో ఇంకో విశ్వవిద్యాలయం వెలిసింది. మొనాష్ తర్వాత జేమ్స్ బారెట్ అనే కంటి డాక్టరు వచ్చాడు. ఈయనకీ జీతం లేదు.

1935లో మొదటిసారి పూర్తికాలపు, జీతం ఉన్న వైస్-ఛాన్సలర్‌గా కేంబ్రిడ్జి నుంచి రేమండ్ ప్రీస్ట్లీ వచ్చాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు, షాకిల్టన్‌తోనూ స్కాట్‌తోనూ అంటార్కిటికా వెళ్ళినవాడు. 1912 చలికాలంలో ఆరుగురు మనుషులు మంచులో తొలిచిన గుహలో నెలల తరబడి ఇరుక్కుపోయారే, వాళ్ళలో ఈయన ఒకడు. ఆ గుహ నేల మీద నాయకుడు క్యాంప్‌బెల్ ఒక గీత గీశాడు. ఇటు ఆఫీసర్లు, అటు నావికులు. ఒక పక్క మాట్లాడింది రెండో పక్కకి వినపడనట్టే లెక్క.

మెల్బోర్న్‌లోనూ ప్రీస్ట్లీకి అలాంటి గీతే ఎదురైంది. ఈసారి ఆయన ఉన్నది రెండో పక్కన. విద్యా విషయాల్లో నాయకత్వం తనదని, కౌన్సిల్ దగ్గర విశ్వవిద్యాలయం తరఫున మాట్లాడాల్సింది తనేనని ఆయన అనుకున్నాడు. కౌన్సిల్ మటుకు జీతం ఇచ్చి ఒక కార్యదర్శిని పెట్టుకున్నామన్నట్టు చూసింది. అప్పటికి ఛాన్సలర్ ఎవరంటే, నిన్నటిదాకా జీతం లేకుండా ఆ పని చేసిన బారెట్టే. పాత అలవాటు ఎక్కడ పోతుంది? తగినంత అధికారం ఇవ్వకపోవడంతో ప్రీస్ట్లీ 1938లో రాజీనామా చేసి బర్మింగ్‌హామ్‌కి వెళ్ళిపోయాడు. ఆ మూడేళ్ళ డైరీ 2002లో పుస్తకంగా వచ్చింది.

ప్రీస్ట్లీ కోరిన అధికారం ఆ పదవికి తర్వాత వచ్చింది. అయితే ఇచ్చింది కౌన్సిల్ కాదు, ఢిల్లీ లాంటి వాళ్ళ కాన్‌బెరా. 1957 నాటి మర్రే కమిటీ నివేదికతో విశ్వవిద్యాలయాలకి కేంద్రం డబ్బు పెద్దఎత్తున రావడం మొదలైంది. 1974లో విట్లం ప్రభుత్వం ఫీజులు ఎత్తేసి ఖర్చంతా తనే మోసింది. 1980ల చివర్లో మంత్రి జాన్ డాకిన్స్ లెక్క మార్చాడు. కళాశాలలు కలిసిపోయి పెద్ద విశ్వవిద్యాలయాలయ్యాయి, 1989లో ఫీజులు అప్పు రూపంలో తిరిగొచ్చాయి, పాలక మండళ్ళు కంపెనీ బోర్డుల్లా చిన్నవిగా ఉండాలని, వైస్-ఛాన్సలర్లు గట్టి మేనేజర్లుగా ఉండాలని చెప్పారు. విదేశీ విద్యార్థుల ఫీజు పెద్ద ఆదాయమైంది. ప్రొఫెసర్ల గొంతుగా ఉండాలని ప్రీస్ట్లీ అనుకున్న మనిషి ఇప్పుడు సీయీవో. గీత అక్కడే ఉంది, ఆయన మాత్రం దాటి అటు వెళ్ళిపోయాడు.

మిగిలినవాళ్ళ సంగతి? ఉద్యోగులు, విద్యార్థులు ఎన్నుకున్న సభ్యులు కౌన్సిల్లో తప్పనిసరిగా ఉండాలన్న నిబంధనని విక్టోరియా రాష్ట్రం 2012లో తీసేసింది. ప్రభుత్వం మారాక 2015 చట్టం దాన్ని మళ్ళీ తెచ్చింది. ఒక సంతకంతో పోయి ఇంకో సంతకంతో వచ్చే చోటు అది.

ఆ చోటు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి జీతాల గొడవ చాలు. గంటల లెక్కన పనిచేసే టీచర్లకి పేపర్లు దిద్దినందుకు పట్టిన సమయాన్ని బట్టి కాకుండా, గంటకి ఇన్ని పదాలు, విద్యార్థికి ఇన్ని నిమిషాలు అన్న లెక్కన ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసిన జబ్బే. రాసిన కోడ్ లైన్లు లెక్కపెట్టి పనిని కొలిచే మేనేజర్ని మనమూ చూశాం. 2024 డిసెంబరులో కార్మిక హక్కుల పర్యవేక్షణ సంస్థతో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకుంది. 25 వేల మందికి పైగా ఉద్యోగులకి, మాజీ ఉద్యోగులకి కలిపి 7 కోట్ల 20 లక్షల డాలర్లకి పైగా బకాయి తేలింది. 1901లో అకౌంటెంటు విశ్వవిద్యాలయాన్ని దోచుకున్నాడు. ఈసారి తక్కువపడింది టీచర్ల జేబుల్లో. రెండుసార్లూ లెక్కల పుస్తకం చూడాల్సిన బాధ్యత కౌన్సిల్దే.

బోర్డులో వ్యాపార అనుభవం ఉండకూడదని నేననను. అంత పెద్ద సంస్థకి అది కావాలి. కానీ గంటకి ఎన్ని వ్యాసాలు దిద్దగలరో తెలిసిన మనిషి ఒక్కరు ఆ బల్ల దగ్గర ఉండి, ఆ మాట వినపడి ఉంటే, ఇది ఇన్నేళ్ళు సాగేది కాదు. 2025లో ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ విశ్వవిద్యాలయాల పాలన మీద విచారణ జరిపింది. పై జీతాల గురించి, బోర్డుల్లో ఎవరుంటున్నారన్న దాని గురించి అక్కడ గట్టిగానే ప్రశ్నలు వచ్చాయి.

మన వాళ్ళకీ ఇందులో ఒక పాలు ఉంది. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి అక్కడికి వెళ్ళే పిల్లలు ర్యాంకు చూస్తారు, ఫీజు చూస్తారు, అప్పు చేస్తారు. వాళ్ళ వ్యాసం చదివి మార్కులు వేసే మనిషికి ఆ వ్యాసం మీద ఎంతసేపు కూర్చోవడానికి డబ్బులిస్తున్నారో బ్రోషర్లో ఉండదు. ఆ లెక్క కౌన్సిల్ గదిలో తేలుతుంది.