ముసలమ్మ కట్ట నుంచి నడిమివంక దాకా: అనంతపురం సీమలో వాననీటి నిర్వహణ వ్యయం – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వానే ఒక్కోసారి ఒకటి రెండు రోజుల్లో కురిసి వంకలను పొంగిస్తుంది. ఒండ్రునూ చెత్తనూ వెంటబెట్టుకొని వస్తుంది. ఆ నీటిని నిలపడానికి చెరువులు కట్టించినవారి పేర్లు శాసనాల్లో నిలిచాయి. ఏటేటా పూడిక తీయడానికి, కట్టను కాపాడడానికి అయ్యే ఖర్చును ఎవరు భరించారన్న విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. కావ్యం చెప్పిన మూల్యం:
మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరు నీటిని నిలిపి బుక్కరాయసముద్రం, అనంతసాగరం చెరువులను నిర్మించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. బుక్కరాయసముద్రం కట్టకు గండిపడినప్పుడు ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణార్పణ చేసిందన్న ఐతిహ్యాన్ని కట్టమంచి రామలింగారెడ్డి 1899లో 'ముసలమ్మ మరణము' కావ్యంగా మలిచారు. విమర్శకులు ఇందులో ప్రధానంగా త్యాగాన్ని చూశారు. చరిత్ర దృష్టితో చూస్తే మరొక అంశం కనిపిస్తుంది. కట్ట ఊరందరిది, గండి పడిననాడు చెల్లించవలసిన మూల్యం మాత్రం ఒక్క ఇంటి కోడలిపై పడింది.

3. దశబంధం:
ఈ మూల్యాన్ని ముందుగానే, కొద్దికొద్దిగా, నియమబద్ధంగా చెల్లించే పద్ధతి దశబంధం. చెరువునో బావినో నిర్మించి, దానిని బాగు చేస్తూ ఉండే బాధ్యత స్వీకరించినవారికి భూమినో శిస్తులో భాగాన్నో ఇనాముగా ఇచ్చేవారు. విడిగా భూఖండం ఇస్తే ఖండ దశబంధం; శిస్తులో వాటా ఇస్తే షామిలాతు దశబంధం. దత్తమండలాల్లో ఈ ఇనాములు విస్తారంగా ఉండేవి. చెరువు పారితేనే ఇనాం భూమి పండుతుంది, శిస్తు వస్తుంది. కనుక లాభమూ బాధ్యతా ఒకరి వద్దనే ఉండేవి. అయితే వంకల పూడికతీత వంటి పనుల్లో శ్రమభారం గ్రామీణుల మీదనే పడేదన్నది కూడా మరువరాదు.

4. వలస పాలన, అనంతర దశ:
కుడిమరామత్తు అనే ఆ ఆచారశ్రమను 1858 నాటి మద్రాసు చట్టం శాసనబద్ధం చేసింది. పనికి రానివారి నుంచి ఆ శ్రమ విలువకు రెట్టింపు వసూలు చేసే వీలు కల్పించింది. ఆచారం ఆజ్ఞగా మారింది. 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ఆరంభించింది. 1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో ఇనాముల కాలం ముగిసింది. 1997 చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి నిర్వహణలో రైతులకు తిరిగి చోటిచ్చింది.

5. పట్టణంలోని వంక:
చెరువుకు ఆయకట్టు ఉంటుంది. పట్టణం నడుమ పారే వంకకు ఆయకట్టు లేదు. అనంతపురం నగరంలోని నడిమివంక వాననీటితోపాటు ఇళ్ల మురుగునూ మోస్తుంది. 2022 అక్టోబరు వానలకు అది పొంగి కాలనీలు నీట మునిగాయి. చెత్త వేసేవారు ఒకచోట, మునిగేవారు పల్లంలో మరొకచోట. ఈ ఎడబాటే నిధుల సమస్యకు మూలం. వరద వచ్చాక ప్రకటించే సాయం ఉపశమనమే గాని నిర్వహణ కాదు.

6. ముగింపు:
దశబంధాన్ని యథాతథంగా పునరుద్ధరించడం సాధ్యం కాదు. దానిలోని అసమానతల దృష్ట్యా వాంఛనీయమూ కాదు. అయితే అందులోని సూత్రం గ్రహించదగినది: నిర్వహణకు ఏటా తప్పక అందే, మరో పనికి మళ్లని ఆదాయం ఉండాలి. ఇంటిపన్నులో వంకల శుభ్రతకు నిర్ణీత భాగం కేటాయించి, దాని లెక్కను వంక ఒడ్డున నివసించేవారి ముందుంచడం ఆ సూత్రానికి నేటి రూపం కాగలదు. నియమంగా చెల్లించని మూల్యం గండి పడిననాడు పల్లంలోని బలహీనుల మీదనే పడుతుందని ముసలమ్మ కథ ఈ సీమకు ఏనాడో చెప్పింది.