గొంగళిపురుగు పుట్టుక

నందివర్ధనమును, గన్నేరును అనతికాలములో మోడుచేయు గొంగళిపురుగు లెక్కడనుండి వచ్చును? మంచునుండియు, బురదనుండియు పుట్టునని ఐరోపాలో చిరకాలము పలువురు నమ్మిరి. ఆ భ్రమను తొలగించినవారిలో నొక స్త్రీ గలదు.

ఆమె 1647లో ఫ్రాంక్‌ఫర్టున జన్మించిన మరియా సిబిల్లా మేరియన్. పదుమూడవ యేటనే పట్టుపురుగులను పరిశీలింప నారంభించెను. స్త్రీలకు విశ్వవిద్యాలయ ద్వారములు మూసియుండిన కాలమది. తోటలోని పురుగులను దెచ్చి పెంచి, ఏది యే యాకు తినునో, ఎప్పుడు గూడు కట్టునో, ఎట్టి రెక్కలతో వెలువడునో కనిపెట్టి, చిత్రించి, 1679లో గ్రంథముగా ప్రకటించెను. 1699లో కుమార్తెతో సురినామునకేగి, అచ్చటి కీటకములపై 1705లో వేరొక గ్రంథము వెలువరించెను.

గ్రుడ్డునుండియే పురుగు పుట్టునని యెరిగినవారు ఆకుల యడుగున గ్రుడ్లను వెదకి ముందే నలిపివేయుదురు. తెలివియే తొలి మందు. స్త్రీల శాస్త్రజిజ్ఞాసను ప్రొద్దుపుచ్చుటగా నెంచువారికి ఈ చరిత్రమే యుత్తరమని మా యభిప్రాయము.