క్యాలెండర్ మీద ఎర్ర సున్నాలు

కర్నూలు శివారు పల్లె. ఏప్రిల్ మధ్యాహ్నం. నాపరాళ్ల అరుగు మీద మీరూ కూర్చోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చెప్పే భవిత కేంద్రం టీచరమ్మ పక్కన 15 ఏళ్ల పిల్లోడు చెనక్కాయలు ఒలుస్తున్నాడు. మాటలు రావు. గంటయింది, కుదురుగానే ఉన్నాడు. వాళ్లమ్మ మోచెయ్యి చూపిస్తుంది. పంటి గాట్లు నల్లగా కమిలి ఉన్నాయి.

"ఉత్తపుణ్యానికే కొరుకుతాడు మేడమ్. దినామూ అయితే కనిపెట్టుకుందును. ఎప్పుడో ఒకసారి గదా!"

చిక్కంతా అక్కడే. 1982లో అమెరికాలో బ్రయాన్ ఇవాటా బృందం ఇట్లాంటి పిల్లలతో 15 నిమిషాల చొప్పున పరిస్థితులు మార్చి చూసింది. పని చెబితే రేగుతున్నారా, పలకరింపు కోసమా, ఒంటరిగా ఉన్నా అంతేనా? పక్షానికోసారి వచ్చే కోపం ఆ 15 నిమిషాలకు దొరకదు. అందుకే 2001లో మరో బృందం ఒక్కో పరిస్థితిని రోజు పొడుగునా సాగించింది. ఈ ఇంట్లో రోజు పొడుగునా చూసేది అమ్మే. అందుకే రెండు నెలల కిందట టీచరమ్మ ఆమె చేతికి ఎర్రపెన్ను ఇచ్చి పోయింది.

"క్యాలెండరు తియ్యమ్మా."

రెండు నెలల్లో నాలుగు ఎర్ర సున్నాలు, కొరికిన రోజుకొకటి. పక్కనే మూడు సంగతులు: ముందేం జరిగింది, వాడేం చేసినాడు, తర్వాత మనమేం చేసినాము. ప్రతి గడిలో నిద్ర, పంటినొప్పి, దొడ్డికి పోవడం. వేలు పెట్టి చదవండి. "తల దువ్వబోతే కొరికె. వదిలేస్తిని." "నీళ్లు పోసుకోమని లేపితే కొరికె. వదిలేస్తిని." నాలుగు సున్నాలకూ ముందు గడుల్లో ఒకటే మాట: "దొడ్డికి పోలేదు."

"కడుపునొప్పేనా మేడమ్?"

"ముందు డాక్టరుకు చూపిద్దాం. అట్లాంటి రోజు బలవంతం చెయ్యొద్దమ్మా. కొరికితేనే వదిలేస్తారని వాడు నేర్చుకున్నాడు. చెయ్యెత్తినా వదిలేస్తారని మనం నేర్పుదాం."

దువ్వెన తలదాకా వచ్చింది. టీచరమ్మ వాడి అరచెయ్యి పట్టి పైకెత్తగానే అమ్మ దువ్వెన దించేసింది. మళ్లీ అంతే. మళ్లీ. చాలాసేపటికి చెయ్యి తనంతట సగం లేచింది. ఆ సగానికే దువ్వెన దిగింది. వాడు తలెత్తి అమ్మను చూశాడు.

ఈ సాధన కుదురుగా ఉన్న రోజుల్లోనే, దినామూ జరగాలి. కొరికే రోజున నేర్పలేం. ఒక నెలంతా సున్నా పడకపోయినా నయమైందని పెన్ను పక్కన పెట్టకూడదు. అరుదుగా వచ్చేదాన్ని తేల్చడానికి నెల చాలదు. కర్నూలు నుంచి కడప దాకా ఇట్లాంటి పిల్లలున్న ప్రతి ఇంటికీ, కొట్టకముందే, గదిలో పెట్టి గడియ వేయకముందే, ఈ క్యాలెండరు చేరాలి. దాన్ని కూర్చుని చదివే టీచరూ చేరాలి.