పదేళ్ళ మాట

మా నాన్న వేలిముద్ర మనిషి. రాజ్యాంగం గురించి ఆయనకి తెలిసింది ఒక్క ముక్కే. "అంబేడ్కరయ్య మనకి పదేళ్ళకే రాశాడంట్రా అబ్బాయ్. ఆ పైన మనం తినేదంతా ఊరోళ్ళ దయేనంట" అనేవాడు. ఆ మాట చెప్పింది ఆయన పాలేరుతనం చేసిన కామందు. మా గూడెంలో మొదట టీచరు ఉద్యోగం వచ్చిన మా మేనమామదీ ఇదే నమ్మకం. మొత్తం సర్వీసంతా స్టాఫ్ రూములో మూల కుర్చీలోనే కూచున్నాడు. కాలం చెల్లిన చీటీతో బస్సెక్కిన మనిషిలాగా, ఎవరెప్పుడు దింపేస్తారో అన్నట్టుండేవాడు.

ఇది మా ఇంటి సంగతే కాదు. ఈ దేశంలో చదువుకున్నోళ్ళూ చదువుకోనోళ్ళూ ఒకేలా నమ్మే మాటల్లో ఇదొకటి. ఇది ఎంత అబద్ధమో, ఎవరికి పనికొచ్చిన అబద్ధమో చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

1990లో నేను హాస్టల్లో ఉన్నాను. ఆగస్టు 7న వి.పి.సింగ్ మండల్ ప్రకటన చేశాడు. కేంద్ర ఉద్యోగాల్లో 27 శాతం ఇచ్చింది బీసీలకి, తిట్లు పడ్డది మాకు కూడా. అగ్రకుల విద్యార్థులు రోడ్ల మీద కూచుని బూట్లు పాలిష్ చేశారు, వీధులు ఊడ్చారు. తరతరాలుగా మా అమ్మలూ అయ్యలూ చేసిన పని వాళ్ళకి నిరసన కార్యక్రమమైంది! అప్పుడే మా కాలేజీలో ఒక లెక్చరరు నిండు క్లాసులో, "మీ గడువు 1960లోనే తీరిపోయిందయ్యా, ఇంకా ఎన్నాళ్ళు?" అన్నాడు. మేం ఆరుగురం తలలొంచుకున్నాం. ఆ రాత్రి లా చదివే సీనియర్ అన్న ఒకాయన రాజ్యాంగం పుస్తకం తెచ్చి గదిలో అందరి ముందూ తెరిచాడు. "గడువెక్కడుందో వెతకండిరా" అన్నాడు.

వెతికితే గడువు ఉంది. ఆర్టికల్ 334లో ఉంది. అయితే అది దేనికి? లోక్‌సభలో, శాసనసభల్లో రిజర్వు సీట్లకి. అంతే. 330, 332 ఆర్టికల్స్ ఇచ్చిన ఆ సీట్లకే 1950 నుంచి పదేళ్ళు అని రాశారు. ఆ పదేళ్ళు కూడా అంబేడ్కర్ కోరి పెట్టించుకున్నవి కావు. 1949 ఆగస్టు 25న రాజ్యాంగ సభలో ఆయన, షెడ్యూల్డ్ కులాలకి ఇంకా ఎక్కువ కాలం అడగడానికి తాను సిద్ధంగా ఉన్నానని చెప్పే, సభ నిర్ణయానికి ఒప్పుకున్నాడు.

ఉద్యోగాల సంగతి 16(4)లో ఉంది. అందులో పదీ లేదు, ఇరవై లేదు. మర్చిపోయి వదిలేశారా అంటే, కాదు. 1948 నవంబరు 30న ఆ క్లాజు మీద చర్చ జరిగినప్పుడు హృదయనాథ్ కుంజ్రూ పదేళ్ళ గడువు పెట్టాలని సవరణ తెచ్చాడు. సభ దాన్ని తోసిపుచ్చింది. అంటే పదేళ్ళ మాట ఉద్యోగాల దగ్గర కూడా వచ్చింది, ఓడిపోయింది. ఓడిన మాటే గెలిచినట్టు మనకి చెబుతున్నారు.

ఉద్యోగాల్లో రిజర్వేషన్లు రాజ్యాంగంతో పుట్టినవీ కావు. కొల్హాపూర్‌లో శాహూ మహారాజు 1902లోనే సగం ఉద్యోగాలు వెనకబడిన కులాలకి కేటాయించాడు. వైస్రాయి కౌన్సిల్లో అంబేడ్కర్ సభ్యుడుగా ఉండగా, 1943లో కేంద్ర సర్వీసుల్లో మనకి 8.33 శాతం వచ్చింది. 1946లో అది 12.5 అయింది.

చదువుల సంగతి 15(4). దాని పుట్టుక మద్రాసులో ఉంది. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే. అక్కడి కమ్యూనల్ జీ.వో. ప్రకారం కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో హరిజనులకి 2, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, బ్రాహ్మణేతర హిందువులకి 6, ముస్లింలకి 1, ఆంగ్లో ఇండియన్లూ క్రైస్తవులకి 1. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ స్త్రీ దీనిపై కోర్టుకెక్కింది. ఆమె మెడికల్ కాలేజీకి అసలు దరఖాస్తే పెట్టలేదు. అయినా 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టు జీ.వో. చెల్లదంది. దక్షిణాదిలో గగ్గోలు లేచింది. అదే ఏడు జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణతో 15(4) వచ్చింది. అందులోనూ గడువు లేదు.

మరి గడువున్న 334 ఏమైంది? 1959 నుంచి 2019 దాకా ఏడుసార్లు పొడిగించారు. మొదట పదేళ్ళని రాసిన చోట ఇవాళ ఎనభై ఏళ్ళని ఉంది. గడువు 2030 దాకా. ఏ పార్టీ అడ్డు నిలవలేదు. ఎందుకని? 1932 సెప్టెంబరు 24 పూనా ఒడంబడిక మన ప్రత్యేక నియోజకవర్గాల్ని మింగేసింది. సీటు మనది, ఓట్లు ఊరందరివీ. ఊరి పెద్దలకి నచ్చినవాడే గెలుస్తాడు, నోరున్నవాడు ఓడతాడు. అంబేడ్కరే 1952లో బొంబాయిలో, 1954లో భండారాలో ఓడిపోయాడు. 1955లో ఆయన షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషనే ఈ రిజర్వు సీట్లు మాకొద్దని తీర్మానం చేసింది. వద్దన్నదాన్ని అడక్కుండానే పొడిగిస్తారు. మన పిల్లల కంచంలో అన్నం పెట్టే గడువులేని దానికి మాత్రం గడువు తీరిందంటారు. తిరకాసంతా ఇక్కడుంది.

2019 జనవరిలో 103వ సవరణ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీలు కాని పేదలకి 10 శాతం. దానికీ గడువు లేదు. పదేళ్ళేనా అని ఏ లెక్చరరూ ఏ క్లాసులోనూ అడగ్గా నేను వినలేదు. గడువులు గుర్తొచ్చేది మన ముఖం కనబడ్డప్పుడే.

మా మేనమామకి ఈ సంగతులు నేను చెప్పేనాటికి ఆయన రిటైరై రెండేళ్ళయింది. చాలాసేపు పలకలేదు. ఆఖరికి, "ముప్పై రెండేళ్ళు నాది కాని కుర్చీలో కూచున్నాననుకున్నాన్రా" అన్నాడు. ఆ ముప్పై రెండేళ్ళూ ఆయన ఒక్క ప్రమోషనూ అడగలేదు. సీనియారిటీ లిస్టులో తన పేరు కిందికి జారినా నోరెత్తలేదు. హక్కుని దయ అని నమ్మించగలిగితే చాలు, మనిషి తనంతట తానే మూలకి పోతాడు. పై వాళ్ళకి శ్రమే లేదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పదేళ్ళ మాట మీ హాస్టళ్ళలో, ఆఫీసుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. మనవాళ్ళ నోళ్ళల్లోనే ఎక్కువగా తిరుగుతోంది, అదే బాధ. ఎవరన్నా ఆ మాటెత్తితే కోప్పడొద్దు, ఏ ఆర్టికల్లో ఉందో చూపించమనండి. 334 తెరిస్తే అది చట్టసభల సీట్లదని చదివి వినిపించండి. తరవాత 15, 16 తెరవండి. గూడెంలో చదువురాని పెద్దలకి ఈ తేడా పండక్కి ఇంటికెళ్ళినప్పుడే చెప్పండి. వాళ్ళు రిటైరయ్యేదాకా ఆగొద్దు.