జపాను పిల్లల ఇంగ్లీషు పాఠాల్లో దేశదేశాలు

1859లో విదేశీయులకు రేవు తెరిచిన కొత్తలో జపాను రచయిత, విద్యావేత్త ఫుకుజావా యుకిచి యొకొహామా చూడబోయాడు. అక్కడి దుకాణాల బోర్డులు ఒక్కటీ చదవలేకపోయాడు. ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న డచ్చి భాష అక్కరకు రాలేదు. ఆ దెబ్బతో ఇంగ్లీషు పట్టాడు. పదేళ్లకు, 1869లో, ప్రపంచ దేశాలన్నిటినీ పిల్లలు పాడుకునేలా పద్యంలో కూర్చి 'సెకై కునిజుకుషి' వెలువరించాడు. ఏడు, ఐదు అక్షరాల విరుపుతో సాగే నడక కాబట్టి నోటికి ఇట్టే పట్టేది. అయితే ఆ పుస్తకం దేశాలకు మెట్లు కట్టింది. నాగరికులు పైన, అనాగరికులు కింద. పిల్లవాడు దేశం పేరుతో పాటే దాని హోదానూ వల్లెవేశాడు. ఎంత మంచి పుస్తకమైనా, ఈ నష్టం చిన్నది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మెట్లు పోయి ఒక్క దేశం మిగిలింది. 1949లో మిడిల్ స్కూళ్లకు వచ్చిన 'జాక్ అండ్ బెట్టీ' వాచకం నిండా అమెరికా జీవితమే. బడిలో పాలపొడితో కలిపిన పాలు తాగుతున్న పిల్లలు ఆ పేజీల్లో కార్లనూ, విశాలమైన ఇళ్లనూ చూశారు. ఇంగ్లీషు అంటే అమెరికా అన్న భావన అలా స్థిరపడింది.

పుస్తకంలోని విదేశం మనిషి రూపంలో తరగతిలోకి రావడానికి 1987 పెద్ద మలుపు. విదేశీ యువతను బడులకు రప్పించే జెట్ పథకం ఆ ఏడాదే మొదలైంది. అది తొలి విడతలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి 848 మందిని రప్పించింది. ఇప్పుడు యాభైకి పైగా దేశాల యువతీయువకులు వస్తున్నారు. వీళ్లలో ఎక్కువమంది స్థానిక టీచరు పక్కన నిలబడి పాఠం చెప్పే సహాయకులే. తొలి పాఠం సాధారణంగా స్వపరిచయం. ఇంటివాళ్ల ఫోటోలు, తమ దేశపు నాణేలు పిల్లల చేతికిస్తారు. ఆ నాణెం అటూ ఇటూ తిప్పి చూసే పిల్లవాడికి అడగడానికి ఒక ప్రశ్న, జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉంటారు. ఏ వాచకమూ ఇది ఇవ్వలేదు.

ప్రాథమిక బడుల సంగతి వేరు. 2002 నుంచి అంతర్జాతీయ అవగాహనలో భాగంగా ఇంగ్లీషు మాటలు నేర్పడానికి వీలు కల్పించారు. 2011లో అయిదు, ఆరు తరగతులకు ఏటా 35 పీరియడ్లు తప్పనిసరి చేశారు. 2020లో మూడు, నాలుగు తరగతులకు ఆ 35 పీరియడ్లు వెళ్లాయి. పెద్ద తరగతులకు ఇంగ్లీషు 70 పీరియడ్ల పూర్తి సబ్జెక్టు అయింది. ప్రభుత్వం పంచిన 'హాయ్, ఫ్రెండ్స్!' వంటి పుస్తకాలు ప్రపంచ భాషల్లో పలకరింపులతో మొదలయ్యాయి. వెళ్లాలనుకునే దేశం గురించి చెప్పే పాఠమూ వచ్చింది. ఇందులో చిక్కుంది. ఇటలీ అంటే పిజ్జా, ఒక జెండా, ఒక కట్టడం అని మూడు బొమ్మలతో సరిపెట్టుకుంటే పిల్లవాడికి పర్యాటక కరపత్రమే మిగులుతుంది. 'వెల్‌కమ్ టు జపాన్' పాఠం నాకు ఇంతకన్నా విలువైనదిగా తోస్తుంది. అక్కడ పిల్లలు తమ పండుగలను, తిండిని తెలియనివాళ్లకు తామే వివరించాలి. తన ఊరి పండుగ సంగతి చెప్పడానికి తడుముకున్న పిల్లవాడు ఎదుటివాడి పండుగను రెండు ముక్కల్లో తేల్చేయడు.

పైగా ఆ ఎదుటివాడు ఇప్పుడు పక్క బెంచీలోనే ఉంటున్నాడు. 1990లో వలస చట్టం మారాక హమమత్సు వంటి పట్టణాల బడుల్లో బ్రెజిల్ నుంచి వచ్చిన పిల్లలు చేరారు. టోక్యోలోని నిషికసాయ్ ప్రాంతంలో భారతీయ సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల కుటుంబాలు స్థిరపడ్డాయి. వాటిలో తెలుగువాళ్లవీ ఉన్నాయి. అలాంటి తరగతిలో ఇండియా పాఠం వచ్చినప్పుడు టీచరు పుస్తకం పక్కన పెట్టి ముందు ఆ పిల్లల్నే అడగాలి, వాళ్లకు చెప్పాలని ఉంటేనే.